యంత్రం కంటే ముందు పొడిని పరీక్షించండి
మూలికల పొడులను క్యాప్సూళ్లలో నింపే యంత్రాలు: అపోహలు – వాస్తవాలు

నేలవేము చేదు నాలుకకు తగలకూడదన్నా, మునగాకు పొడి డోసు రోజూ ఒకేలా ఉండాలన్నా క్యాప్సూల్ మంచి మార్గం. అందుకే చూర్ణాలు అమ్మే చిన్న యూనిట్లు చాలావరకు ఏదో ఒకనాడు ఫిల్లింగ్ మెషీన్ కోసం వెతుకుతాయి. కొనేవారు ముందుగా అడిగేది ‘గంటకు ఎన్ని వస్తాయి?’ అనే. ‘నా పొడి ఇందులో సరిగా దిగుతుందా?’ అన్న ప్రశ్న యంత్రం ఇంటికొచ్చాక గాని గుర్తురాదు. అప్పటికి డబ్బు కట్టేసి ఉంటారు.

అపోహ: నంబరు పెరిగేకొద్దీ క్యాప్సూల్ పెద్దది. 0 సైజులో 500 మిల్లీగ్రాములు ఎలాగూ పడతాయి.

వాస్తవం: లెక్క తలకిందులుగా ఉంటుంది. మామూలుగా వాడే సైజుల్లో 5 అన్నిటికంటే చిన్నది, 000 పెద్దది. సైజు 1లో సుమారు 0.50 మి.లీ., 0లో 0.68, 00లో 0.95, 000లో 1.37 మి.లీ. పడుతుంది. ఇవి పరిమాణాలే. బరువు ఎంతన్నది పొడి సాంద్రతను బట్టి ఉంటుంది.

తెలుసుకోవడం కష్టమేమీ కాదు. కొలజాడీలో 50 గ్రాముల పొడి పోసి, మట్టం ఇక దిగదనిపించేదాకా బల్ల మీద తట్టండి. 100 మి.లీ. గీత దగ్గర ఆగితే సాంద్రత 0.5. అలాంటి పొడి 0 సైజులో దాదాపు 340 మిల్లీగ్రాములే పడుతుంది, 00లో 475. ఆకు పొడులు ఇంకా తేలిక కాబట్టి ఇంకా తక్కువే పడతాయి. 0.5 సాంద్రత ఉన్న పొడిని 500 మిల్లీగ్రాములు ఇవ్వాలంటే 000 తీసుకోవాలి, లేదా సైజు 1లో 250 చొప్పున రెండు ఇవ్వాలి. మింగేవారికి రెండోదే సుఖం. సైజు మారితే యంత్రంలో పలకలూ మారతాయి కాబట్టి, ఈ లెక్క తేల్చుకున్నాకే బేరానికి వెళ్లండి.

అపోహ: పొడి ఎంత మెత్తగా ఉంటే అంత బాగా నిండుతుంది.

వాస్తవం: మరీ మెత్తని పొడి జారదు. గరాటులో గూడుకట్టి నిలిచిపోతుంది, లోహానికి అంటుకుంటుంది, గదంతా దుమ్ము లేపుతుంది. అలాగని ముతకగా వదిలినా కుదరదు. అశ్వగంధ వేరులో నార ఉంటుంది, ఆ పోగులు రంధ్రాలకు అడ్డం పడతాయి. జల్లెడ పట్టి రేణువులు దాదాపు ఒకే సైజులో ఉండేలా చూసుకోవడం ముఖ్యం. అప్పటికీ జారకపోతే పొడిని గట్టిగా అదిమి, మళ్లీ విరగ్గొట్టి చిన్న గుళికలుగా చేసే డ్రై గ్రాన్యులేషన్ పద్ధతి ఉంది.

అపోహ: చేతి యంత్రంలో బరువు తేడా వస్తుంది, ఆటోమేటిక్‌లో రాదు.

వాస్తవం: రెంటిలోనూ వస్తుంది, కారణాలు వేరు. 300 రంధ్రాల చేతి యంత్రంలో హ్యాండిల్ తిప్పగానే క్యాప్సూళ్ల కింది భాగాలు బిగుసుకుంటాయి, మూతలు పై పలకతో లేచి వస్తాయి. పొడి పోసి, స్క్రేపర్‌తో పరిచి, పిన్నుల పలకతో అదిమి, మళ్లీ పరుస్తారు. ఒక్కోదానికి 340 మి.గ్రా. కావాలంటే 300కి 102 గ్రాములు తూచి పోయాలి. పోసిందంతా లోపలికి దిగితే సగటు తప్పదు. కానీ పరిచే చేయి సమంగా లేకపోతే మధ్యలోవి నిండుగా, మూలల్లోవి వెలితిగా ఉంటాయి.

సెమీ ఆటోమేటిక్‌లో తిరుగుతున్న రింగు మీదికి స్క్రూ పొడిని తోస్తుంది. రింగు వేగం మారితే బరువు మారుతుంది. పూర్తి ఆటోమేటిక్‌లో పిన్నులు పొడిని చిన్న బిళ్లలా అదిమి క్యాప్సూల్‌లోకి దించుతాయి. పొడి డిస్కు మీద సమంగా పరుచుకోకపోతే అదీ తప్పుతుంది.

ఇండియన్ ఫార్మకోపియా ప్రకారం 20 క్యాప్సూళ్ల పొడిని విడివిడిగా తూస్తారు. సగటు 300 మి.గ్రా. లోపు ఉంటే 10 శాతం, 300 లేదా అంతకు మించితే 7.5 శాతం వరకు తేడాను అనుమతిస్తారు. ఏ యంత్రానికైనా ఇదే గీటురాయి.

అపోహ: బ్రోషర్‌లో రాసినన్ని క్యాప్సూళ్లు గంట గంటకూ వస్తాయి.

వాస్తవం: 300 రంధ్రాల యంత్రంలో ఒక విడతకు నాలుగు నిమిషాలు పడితే గంటకు 4,500. తూకం, శుభ్రం చేయడం, పైన అంటిన పొడిని తుడవడం ఇందులో కలవలేదు.

అపోహ: క్యాప్సూల్ పెంకు ఏదైనా ఒకటే.

వాస్తవం: జెలటిన్ జంతువుల ఎముకలు, చర్మాల నుంచి వస్తుంది. అందులో 13–16 శాతం తేమ ఉంటుంది. కషాయాన్ని ఎండబెట్టి చేసిన ఎక్స్‌ట్రాక్ట్ పొడులు ఆ తేమను లాగేసుకుంటే పెంకు పెళుసెక్కి పగులుతుంది. మొక్కల సెల్యులోజ్‌తో చేసే హెచ్‌పీఎంసీ పెంకుల్లో తేమ చాలా తక్కువ. పైగా అవి శాకాహారం. ఏ పెంకుతో పనిచేసినా వానాకాలంలో గది తేమను అదుపులో ఉంచక తప్పదు.

అపోహ: క్యాప్సూల్‌లో పెడితే పొడి పాడవదు, యంత్రాన్ని గుడ్డతో తుడిస్తే చాలు.

వాస్తవం: పొడిలో ముందే ఉన్న బూజు, సూక్ష్మజీవులు పెంకులోకీ వెళతాయి. పసుపు నింపిన పలకల మీదే తర్వాత తిప్పతీగ నింపితే రంగే చెబుతుంది, ఎంత మిగిలిపోయిందో. పొడి తగిలే భాగాలు ఎస్‌ఎస్ 316 స్టీలువై, విప్పి కడగడానికి వీలుగా ఉండాలి. కడిగాక పూర్తిగా ఆరాలి.

అపోహ: మూలికలే కదా, లైసెన్సు ఎందుకు?

వాస్తవం: ఆయుర్వేద మందుగా అమ్మాలంటే 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం కింద తయారీ లైసెన్సు కావాలి, షెడ్యూల్ ‘టి’ నియమాలు పాటించాలి. తన దగ్గరికొచ్చే రోగుల కోసమే మందు చేసుకునే వైద్యుడికి మాత్రం మినహాయింపు ఉంది. ఆహార సప్లిమెంటుగా అమ్మితే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు ఉండాలి, రోగం నయం చేస్తుందని లేబుల్ మీద రాయకూడదు.

ఇక కొనేముందు చేయాల్సింది ఒక్కటే. అమ్మేవారు డెమోలో బాగా జారే పొడినే చూపిస్తారు. మీ పొడిని, మీరు వాడబోయే పెంకులను వెంట తీసుకెళ్లి ఒక గంట నడిపించమనండి. మొదట్లో, మధ్యలో, చివర్లో 20 చొప్పున తీసి మీరే తూచండి. మూడుసార్లూ తేడా హద్దులో ఉంటేనే అడ్వాన్సు ఇవ్వండి.