పిల్లల పళ్లకు క్లిప్పులు వేయిస్తున్నారా? సంతకం పెట్టే ముందు హెచ్‌ఎస్‌ఏ, ఎఫ్‌ఎస్‌ఏ లెక్క చూసుకోండి!

అమెరికాలో పిల్లల పళ్లకు క్లిప్పులు, అదేనండి బ్రేసెస్ వేయించాలంటే వేల డాలర్లు ఖర్చవుతుంది. డెంటల్ ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధీమాగా ఉండటానికి లేదు. చాలా ప్లాన్లు ఈ ట్రీట్‌మెంట్‌కి ‘జీవితకాలంలో ఇంతే ఇస్తాం’ అని లిమిట్ పెడతాయి. ఆపైన ప్రతి డాలరూ తల్లిదండ్రుల జేబులోంచే. అయితే ఆ డబ్బును ట్యాక్స్ కట్ కాకముందే జీతంలోంచి పక్కన పెట్టుకునే వీలుంది. అందుకు రెండు అకౌంట్లున్నాయి. ఒకటి హెల్త్ సేవింగ్స్ అకౌంట్ (హెచ్‌ఎస్‌ఏ), రెండోది ఫ్లెక్సిబుల్ స్పెండింగ్ అకౌంట్ (ఎఫ్‌ఎస్‌ఏ). పేర్లు దగ్గరగా ఉన్నా రూల్స్ మాత్రం పూర్తిగా వేరు.

మిగిలేది ఎంత?

బ్రేసెస్ బిల్లు 6,000 డాలర్లు, ఇన్సూరెన్స్ ఇచ్చేది 1,500 డాలర్లు అనుకుందాం. అంటే చేతి నుంచి పడేది 4,500. ఆ కుటుంబం 22 శాతం ఫెడరల్ ట్యాక్స్ శ్లాబులో ఉంటే, దానికి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు 7.65 శాతం కలుస్తాయి. మొత్తం 29.65 శాతం. ఆ 4,500 డాలర్లను ఈ అకౌంట్ల ద్వారా జీతంలోంచే కడితే దాదాపు 1,334 డాలర్లు ఆదా అవుతాయి.

ఎఫ్‌ఎస్‌ఏ: మొదటి రోజే మొత్తం చేతికి

2026లో ఒక ఉద్యోగి ఎఫ్‌ఎస్‌ఏలో గరిష్ఠంగా 3,400 డాలర్లు పెట్టుకోవచ్చు. భార్యాభర్తలిద్దరికీ వాళ్ల వాళ్ల కంపెనీల్లో ఈ సౌకర్యం ఉంటే చెరో 3,400 పెట్టుకోవచ్చు. ఇందులో పెద్ద ప్లస్ ఏంటంటే, జీతంలో కోత నెలనెలా పడుతున్నా, ఏడాది మొత్తానికి ఎంచుకున్న డబ్బు ప్లాన్ మొదలైన రోజు నుంచే వాడుకోవచ్చు.

మైనస్ కూడా ఉంది. ఏడాదిలో వాడని డబ్బు పోతుంది. కొన్ని కంపెనీలు 2026లో మిగిలిన దాంట్లో 680 డాలర్ల వరకు వచ్చే ఏడాదికి తీసుకెళ్లనిస్తాయి. కొన్ని రెండున్నర నెలల అదనపు గడువు ఇస్తాయి. కొన్ని ఏదీ ఇవ్వవు. పైగా ఒకసారి ఎంచుకున్న మొత్తాన్ని పెళ్లి, బిడ్డ పుట్టడం లాంటి మార్పులుంటే తప్ప మధ్యలో మార్చలేరు.

హెచ్‌ఎస్‌ఏ: డబ్బు ఎప్పటికీ మీదే

హెచ్‌ఎస్‌ఏలో డబ్బు వేయాలంటే హై డిడక్టిబుల్ హెల్త్ ప్లాన్ ఉండాలి. 2026లో ఫ్యామిలీ లిమిట్ 8,750 డాలర్లు. వాడకపోయినా పోదు. ఉద్యోగం మారినా, పోయినా అకౌంట్ మీ పేరునే ఉంటుంది. కాకపోతే అప్పటికి అకౌంట్లో ఉన్నంతే వాడగలరు. ముందు సొంత డబ్బుతో కట్టి, రసీదు దాచుకుని, తర్వాత ఎప్పుడైనా తీసుకోవచ్చు. కానీ ట్రీట్‌మెంట్ మొదలయ్యే నాటికే అకౌంట్ తెరిచి ఉండాలి. అకౌంట్ తెరవకముందు అయిన ఖర్చు ఇందులోకి రాదు.

కాలిఫోర్నియా, న్యూజెర్సీల్లో ఉన్న తెలుగువాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. హెచ్‌ఎస్‌ఏలో వేసిన డబ్బుకు ఈ రెండు రాష్ట్రాలూ స్టేట్ ట్యాక్స్ మినహాయింపు ఇవ్వవు. ఫెడరల్ లాభం మాత్రం మామూలే.

ఇక్కడే అసలు చిక్కు!

భార్య తన ఆఫీసులో హెచ్‌ఎస్‌ఏ ఎంచుకుంది. భర్త తన ఆఫీసులో మామూలు ఎఫ్‌ఎస్‌ఏ తీసుకున్నాడు. ‘ఇద్దరివీ వేరే కంపెనీలే కదా’ అనిపిస్తుంది. కానీ భర్త ఎఫ్‌ఎస్‌ఏ భార్య వైద్య ఖర్చులకు కూడా వర్తిస్తే, ఆమెకు హెచ్‌ఎస్‌ఏలో డబ్బు వేసే అర్హత పోతుంది. భర్త ఆ డబ్బును బాబు పళ్లకు మాత్రమే వాడినా సరే, రూల్ ఇదే.

దీనికి మార్గం ‘లిమిటెడ్ పర్పస్ ఎఫ్‌ఎస్‌ఏ’. ఇది పళ్లు, కళ్ల ఖర్చులకే పనికొస్తుంది కాబట్టి హెచ్‌ఎస్‌ఏతో పాటు పెట్టుకోవచ్చు. బ్రేసెస్‌కి సరిగ్గా సరిపోతుంది. కంపెనీలో ఈ ఆప్షన్ ఉందో లేదో హెచ్‌ఆర్‌ని అడగాలి.

ఉద్యోగం పోతే?

వీసా మీద ఉన్న కుటుంబాలకు ఇది చిన్న ప్రశ్న కాదు. ఉద్యోగం ఆగాక అయ్యే ఖర్చులకు ఎఫ్‌ఎస్‌ఏ మామూలుగా వర్తించదు. కోబ్రా కింద కొనసాగించే వీలుంటే తప్ప మిగిలిన డబ్బు వదులుకోవాల్సిందే. బ్రేసెస్ ట్రీట్‌మెంట్ ఏడాది నుంచి మూడేళ్ల దాకా సాగుతుంది. అందుకే ఉద్యోగం మీద భరోసా లేనప్పుడు హెచ్‌ఎస్‌ఏ ఉంటే అదే ఎక్కువ సేఫ్.

సంతకానికి ముందు అడగాల్సినవి

* డౌన్ పేమెంట్ ఎంత, నెలవారీ కట్టాల్సింది ఎంత? ట్రీట్‌మెంట్ ఏడాది చివర్లో మొదలైతే కొంత ఈ ఏడాది ఎఫ్‌ఎస్‌ఏ నుంచి, మిగతాది జనవరి తర్వాత కొత్త ఎఫ్‌ఎస్‌ఏ నుంచి కట్టుకోవచ్చు.
* మొత్తం ఒకేసారి కడితే ఎఫ్‌ఎస్‌ఏ ప్లాన్ ఒకేసారి ఇస్తుందా, నెలనెలా ఇస్తుందా? ప్లాన్‌ని బట్టి ఇది మారుతుంది.
* కాంట్రాక్టు, వివరంగా ఉన్న రసీదు, ఇన్సూరెన్స్ ఎంత ఇచ్చిందో చెప్పే పేపర్ దాచుకోవాలి.
* బ్రేసెస్, ఎక్స్‌రేలు అర్హత ఉన్న ఖర్చులే. పళ్లు తెల్లబరిచే వైటెనింగ్‌కి మాత్రం కుదరదు.
* ఒకే బిల్లును రెండు అకౌంట్ల నుంచి క్లెయిమ్ చేయకూడదు. 65 ఏళ్ల లోపు హెచ్‌ఎస్‌ఏ డబ్బును వైద్యేతర అవసరాలకు తీస్తే ట్యాక్స్‌తో పాటు 20 శాతం పెనాల్టీ పడుతుంది.

పిల్లలకు ఏడేళ్లు వచ్చేలోగా ఒకసారి ఆర్థోడాంటిస్ట్‌కి చూపించమని అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం సూచిస్తోంది. అంటే క్లిప్పులు పడతాయా లేదా అన్నది చాలా ఇళ్లలో ముందే తెలిసిపోతుంది. కాబట్టి ఆఫీసులో ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ ఫామ్ నింపే ముందే డాక్టర్ దగ్గర ఎస్టిమేట్ తీసుకోండి. ఆ గడువు దాటితే, కొత్త ఎఫ్‌ఎస్‌ఏ కోసం మామూలుగా మరో ఏడాది ఆగాల్సిందే.