తాళం చెవులు బిల్డరు నుంచి సంఘానికి అందేదెలా?
ఫ్లాటు తమదైనా లిఫ్టు, బోరు ఎవరివో తెలియని యజమానులు

ఊళ్లో అరెకరమో ఎకరమో అమ్మి, పిల్లల చదువుల కోసమని పట్నంలో ఫ్లాటు కొన్న రైతు కుటుంబాలు నేడు చాలా పల్లెల్లో కనిపిస్తాయి. రిజిస్ట్రేషను అయింది, పాలు పొంగించారు, ఇక ఇల్లు తమదేననుకున్నారు. కాని మెట్లు, లిఫ్టు, మేడ మీది ట్యాంకు, బోరు మోటారు, జనరేటరు ఎవరి అధీనంలో ఉన్నాయన్న ప్రశ్న లిఫ్టు ఆగిన నాడు గాని తలెత్తదు. మూడో అంతస్తులోని ముసలివాళ్లు కిందికి దిగలేక కూర్చుంటారు. బిల్డరు ఫోను ఎత్తడు. సంఘం ఉండదు, ఉన్నా దాని చేతిలో కాగితం ముక్క ఉండదు.

ఈ అయోమయాన్ని తొలగించడానికే 2016లో పార్లమెంటు ఆమోదించిన స్థిరాస్తి చట్టంలో గడువులు పెట్టారు. 'రెరా' అని అందరూ పిలిచే ఈ చట్టం 2017 మే 1 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చింది. రాష్ట్ర చట్టం వేరే గడువు చెప్పని చోట, సగానికి పైగా ఫ్లాట్లు బుక్కయిన మూడు నెలల్లోగా కొన్నవారి సంఘం ఏర్పడాలి. అందుకు తోడ్పడవలసిన బాధ్యత బిల్డరుదే. అంటే గృహప్రవేశాల దాకా ఆగవలసిన పని లేదు. సంఘంలో పాలుపంచుకోవడం కొన్నవారి విధి అని కూడా ఆ చట్టమే చెబుతోంది. ఈ సంగతి తెలిసినవారు తక్కువ. 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు కలిస్తే చాలు, జిల్లా రిజిస్ట్రారు కార్యాలయంలో సంఘాన్ని నమోదు చేయించుకోవచ్చు.

అసలు చిక్కు కాగితాల దగ్గరే వస్తుంది. నిర్మాణం పూర్తయినట్టు ధ్రువపత్రం అందిన 30 రోజుల్లోగా ప్లాన్లు, పత్రాలు సంఘానికి అప్పగించాలని నిబంధన. నివాసయోగ్యతా పత్రం వచ్చిన మూడు నెలల్లోగా ఉమ్మడి స్థలాల హక్కును సంఘం పేర రాసివ్వాలి. ఆచరణలో జరిగేది వేరు. ఒకనాటి సాయంత్రం బిల్డరు మనిషి వచ్చి తాళాల గుత్తి చేతిలో పెట్టి, 'ఇక మీరే చూసుకోండి' అని వెళ్లిపోతాడు. అది అప్పగింత కాదు. మంజూరైన ప్లాను, అగ్నిమాపక అనుమతి, లిఫ్టు, జనరేటరు, మోటార్ల గ్యారంటీ కార్డులు, నీటి గొట్టాలు, కరెంటు తీగలు ఎటు పోయాయో చూపే పటాలు జాబితా రాసి, సంతకం చేసి పుచ్చుకోవాలి. ఉమ్మడి కరెంటు మీటరు బిల్డరు పేరనే ఉండిపోతే బకాయి పడ్డ నాడు చీకట్లో కూర్చునేది మాత్రం కాపురమున్నవారే.

డబ్బు సంగతి మరీ ముఖ్యం. అమ్మేటప్పుడు కార్పస్ ఫండు అని, ముందస్తు మెయింటెనెన్సు అని ఒక్కో ఫ్లాటుకు వేలు, లక్షలు వసూలు చేస్తారు. అది సంఘం ఖాతాకు చేరవలసిన సొమ్ము. వచ్చినదెంత, ఖర్చయినదెంత అన్న లెక్క అడగడానికి మొహమాటపడేవారు ఎద్దును కొనేటప్పుడు పళ్లు లెక్కపెట్టకుండా కొంటారా? సంఘం పగ్గాలు చేపట్టే దాకా నీరు, లిఫ్టు వంటి సేవలను సమంజసమైన రుసుముతో నడపవలసింది బిల్డరే. మధ్యలో నలిగిపోయేది వాచ్‌మన్ కుటుంబం. ఆ కుటుంబమూ మన పల్లెల నుంచి పోయినదే. జీతం బిల్డరును అడిగితే సంఘాన్ని అడగమంటాడు, సంఘాన్ని అడిగితే బిల్డరును అడగమంటారు.

ఊరి పొలిమేరలో నేలను డెవలప్‌మెంటుకిచ్చి ఫ్లాట్లలో వాటా తీసుకునే రైతులు ఇంకొక విషయం గుర్తించాలి. కట్టినవారు ఒకరు, అమ్మినవారు ఒకరు అయితే ఇద్దరినీ ప్రమోటర్లుగానే చట్టం లెక్కిస్తుంది; ఇద్దరూ ఉమ్మడిగా జవాబుదారులు. నేల ఇచ్చాం, మనకేమిటిలే అనుకుని తన వాటా ఫ్లాట్లు అమ్ముకునే రైతు అగ్రిమెంటు రాసుకునే ముందే వకీలుకు చూపించుకోవడం మంచిది.

ఇళ్ల స్థలాల వెంచర్లలో పద్ధతి కొంత వేరు. అనుమతి పొందిన లేఔట్లలో రోడ్లు, పార్కు స్థలం గిఫ్టు దస్తావేజు ద్వారా పంచాయతీ పరం కావాలి. అది రిజిస్టరయిందా లేదా అన్నది పంచాయతీ కార్యదర్శిని అడిగి తెలుసుకోవచ్చు. కాకపోతే పార్కని చూపిన జాగాలో పదేళ్లకు మరో ప్లాటు మొలిచినా ఆశ్చర్యపోనక్కరలేదు.

గోడలు బీటలిచ్చినా, స్లాబు కారినా స్వాధీనమైన నాటి నుంచి అయిదేళ్ల లోపు తెలియజేస్తే 30 రోజుల్లో ఉచితంగా బాగుచేయించాలి. చేయకపోతే పరిహారం కోరవచ్చు. రెరా అథారిటీకి ఫిర్యాదును ఒక్కొక్కరుగా పెట్టుకోవచ్చు, సంఘం పేరిటా పెట్టవచ్చు. అందుకే స్వాధీనపు తేదీ ఉన్న కాగితాన్ని, బిల్డరుకు రాసిన ప్రతి ఉత్తరం నకలును, దానికి అందిన పోస్టాఫీసు రసీదును సంఘం కార్యదర్శి ఒకే ఫైలులో ఉంచాలి.