బండి ఆగిన రోజుల లెక్క ఎవరు కడతారు?

ఇంట్లో ఉన్న నాలుగు కాసుల బంగారం బ్యాంకులో పెట్టాలన్నా, చీటీ పాడాలన్నా మన మాట అడుగుతారు. బండి ఇన్సూరెన్సు కాగితం దగ్గరికొచ్చేసరికి మాత్రం అది మగవాళ్ల వ్యవహారం. బండిలోని అరలో టోల్ రసీదుల మధ్య నలిగి పడుంటుంది. ఏడాదికోసారి ఏజెంటు ఫోన్ చేస్తే డబ్బు కడతారు, అంతే.

ఒక ట్రాలీ బండి మీదో, ఒక ఆటో మీదో ఇల్లంతా గడిచే కుటుంబాలు మన ఊళ్లలో వీధికి రెండైనా ఉంటాయి. పాలు తోలేవాళ్లు, కూరగాయలు వేసేవాళ్లు, మంచినీళ్ల డబ్బాలు అందించేవాళ్లు. ఆ బండిని ఎవరో వచ్చి గుద్దేస్తే రేకుతో పాటు మన నెల ఖర్చూ సొట్టపోతుంది. ఆ నష్టం ఎవరిస్తారు, ఎంతిస్తారు, ఎలా అడగాలి అన్న సంగతులు ఆడవాళ్లకి తెలిసి తీరాలి. ఎందుకంటారా? మా ఇంటి సంగతి వినండి.

"రాజీ రాసెయ్ చెల్లెమ్మా!"

మావారు విజయవాడ హోల్‌సేల్ కొట్ల నుంచి ఏలూరు కిరాణా షాపులకి సరుకు తోలుతారు. బండి లోను నా పేరు మీద తీసుకున్నాం కాబట్టి ఆర్.సి., పాలసీ రెండూ నా పేరునే ఉన్నాయి. 2023లో అధిక శ్రావణం వెళ్లి నిజ శ్రావణం అప్పుడే ప్రవేశించింది. వరలక్ష్మీ వ్రతం ఇంకో వారం ఉంది. ఏడాదిలో నాలుగు రూపాయలు ఎక్కువ కనిపించే రోజులవి. లోడుతో వస్తున్న బండి హనుమాన్ జంక్షన్ దాటాక, ముందు వాహనాలు ఆగితే ఈయన బ్రేకు వేశారు. వెనక లారీ డ్రైవరు వెయ్యలేదు. ఆ దెబ్బకి మా బండి వెళ్లి డివైడరుకి కొట్టుకుంది. వెనక డోరు, ఛాసిస్ మూల, ముందు బంపరు, లైట్లు అన్నీ పోయాయి. దేవుడి దయవల్ల ఆయనకి మోచెయ్యి గీరుకుపోవడంతో సరిపోయింది.

సాయంత్రానికి లారీ ఓనరు స్టేషనుకొచ్చాడు. మంచిగానే మాట్లాడాడు. "పదిహేను వేలిస్తాను, రాజీ రాసెయ్ చెల్లెమ్మా. కేసులూ కోర్టులూ మనలాంటోళ్లకెందుకు?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లందరూ అదే మాట. మా అత్తగారు కూడా ఫోన్లో, "కోర్టు మెట్లెక్కితే ఇల్లు గుల్లవుతుందే అమ్మాయ్, ఇచ్చింది పుచ్చుకుని రండి" అన్నారు. బండి నా పేరున ఉంది కాబట్టి సంతకం నేనే పెట్టాలి. కాగితం, పెన్నూ నా ముందుకొచ్చాయి.

నేను ఒకటే అడిగాను. "బండి బాగై రోడ్డెక్కడానికి ఎన్ని రోజులు పడుతుందండీ?" ఎవరూ జవాబు చెప్పలేదు. "అది తెలియకుండా ఎంత పుచ్చుకోవాలో నాకెలా తెలుస్తుంది? గ్యారేజీ వాళ్లు చూశాక మాట్లాడదాం" అని లేచాను. ఆ రాత్రి ఫిర్యాదు రాసిచ్చి, ఎఫ్.ఐ.ఆర్. నకలు తీసుకుని ఇంటికొచ్చాం. అప్పట్లో అజాగ్రత్త డ్రైవింగుకి ఐ.పి.సి. 279వ సెక్షన్ రాసేవారు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 281 రాస్తున్నారు. ఏ నంబరైనా సరే, ఆ నకలు లేకుండా తరవాత అవతలి వాళ్లని అడగడం చాలా కష్టం.

మన పాలసీ ఎంతిస్తుంది?

పాలసీల్లో రెండు రకాలున్నాయి. చట్టం ప్రకారం ప్రతి బండికీ ఉండి తీరాల్సింది థర్డ్ పార్టీ పాలసీ. అది మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికే. మన బండి మరమ్మతుకి అందులోంచి పైసా రాదు. మన బండికి కూడా కావాలంటే 'ఓన్ డ్యామేజి' కలిసిన పాలసీ ఉండాలి. మాకు అది ఉంది. మర్నాడే కంపెనీకి చెబితే సర్వేయరు వచ్చి ఫొటోలు తీసుకున్నాడు.

గ్యారేజీ బిల్లు 92 వేలు తేలింది. పాలసీ ఉంది కదా, మొత్తం వచ్చేస్తుందనుకుంటారు అందరూ. కానీ లెక్క అలా ఉండదు. ఇనప సామాన్లకి బండి వయసును బట్టి అరుగుదల కింద తగ్గిస్తారు. మూడేళ్లు దాటి నాలుగు నిండని బండికి 25 శాతం కోత. రబ్బరు, ప్లాస్టిక్ వస్తువులకి వయసుతో పని లేకుండా సగం కోత. ఇంకో మెలిక ఉంది. సరుకుల బండ్ల పాలసీలో బంపర్లు, లైట్లు, మడ్‌గార్డులు, టైర్లు, పెయింటు మామూలుగా రావు. బండి పూర్తిగా పనికిరాకుండా పోతేనే వాటినీ కలుపుతారు. లేదంటే ప్రీమియం మరికొంత ఎక్కువ కట్టి 'ఐ.ఎం.టి. 23' అనే షరతు పాలసీలో రాయించుకోవాలి. ఏజెంట్లు చాలామంది దీన్ని చెప్పరు. ప్రీమియం తక్కువని చెబితేనే కదా వాళ్ల దగ్గర తీసుకునేది!

మా లెక్క చూడండి. ఇనప సామాను 40 వేలలో 30 వేలు వచ్చింది. ప్లాస్టిక్, రబ్బరు 12 వేలలో 6 వేలు. బంపరు, లైట్లు, పెయింటు కలిపి 22 వేలు అయితే ఒక్క రూపాయీ లేదు. కూలి 18 వేలు పూర్తిగా ఇచ్చారు. ప్రతి క్లెయిములోనూ మనం భరించాల్సిన 500 తీసేసి, చేతికి వచ్చింది 53,500. మా జేబులోంచి పడింది 38,500. దీనికి తోడు మూడేళ్లు క్లెయిము లేకుండా సంపాదించుకున్న 35 శాతం బోనస్సు కూడా పోయింది.

మధ్యలో ఒక అడ్డంకి వచ్చింది. మావారి లైసెన్సు మామూలు లైట్ మోటార్ వెహికల్‌ది, సరుకుల బండికి వేరే ఉండాలని కంపెనీ వాళ్లు మెలిక పెట్టారు. మొత్తం బరువు 7,500 కిలోలు మించని రవాణా బండిని ఆ లైసెన్సుతోనే నడపవచ్చని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పిందని మేము రాతపూర్వకంగా ఇచ్చాక ఊరుకున్నారు. 2024 నవంబరు 6న అయిదుగురు జడ్జీల ధర్మాసనం కూడా అదే మాట ఖాయం చేసింది. చిన్న ట్రాలీలు నడిపేవాళ్ల ఇళ్లలో ఈ సంగతి తప్పకుండా గుర్తుంచుకోవాలి.

అసలు నష్టం ఎక్కడుంది?

బండి గ్యారేజీలో 23 రోజులుంది. వ్రతం వెళ్లిపోయింది, శ్రావణమాసం గిరాకీ అంతా వెళ్లిపోయింది. నెల వాయిదా మాత్రం తేదీ తప్పకుండా వచ్చింది. డ్వాక్రా గ్రూపులో అప్పు తీసుకుని కట్టాను. ఇద్దరు షాపులవాళ్లు వేరే బండి పెట్టుకున్నారు. అందులో ఒకరు మళ్లీ మా దగ్గరికి రాలేదు.

ఈ ఆగిపోయిన రోజుల సంపాదన మన పాలసీలో రాదు. ప్రమాదం వల్ల తరవాత కలిగే నష్టాలు వర్తించవని ఆ పాలసీలోనే రాసి ఉంటుంది. దాన్ని అడగాల్సింది గుద్దిన బండి వాళ్లని, వాళ్ల ఇన్సూరెన్సు కంపెనీని. థర్డ్ పార్టీ పాలసీ ఉన్నదే దానికి. ఇక్కడ ఆ మూడో మనిషి మనమే. లారీ నంబరు ఎంపరివాహన్ యాప్‌లో కొడితే ఏ కంపెనీ పాలసీ ఉందో, గడువు ఎప్పటిదాకా ఉందో కనిపిస్తుంది. సరుకుల బండి వల్ల ఎదుటివాళ్ల ఆస్తికి జరిగిన నష్టానికి సాధారణంగా ఏడున్నర లక్షల దాకా ఆ కంపెనీ బాధ్యత ఉంటుంది. ప్రీమియం కలిసొస్తుందని కొందరు దాన్ని 6 వేలకి తగ్గించుకుంటారు. అప్పుడు మిగతాది లారీ ఓనరే ఇచ్చుకోవాలి. గుద్ది పారిపోయిన బండి ఏదో తెలియకపోతే, ప్రభుత్వ పథకం మనిషి చనిపోయినా, తీవ్రంగా గాయపడినా పరిహారం ఇస్తుంది గానీ బండి నష్టానికి ఇవ్వదు. అందుకే నంబరు రాసుకోవడం, ఫొటో తియ్యడం అన్నిటికంటే ముందు.

వంటింట్లో నోటుబుక్కే సాక్ష్యం

ఆగిన రోజుల డబ్బు అడిగితే ఎవరైనా వేసే మొదటి ప్రశ్న, "రోజుకి ఎంత వస్తుందో రుజువేది?" అని. ఒక్కో కోర్టు ఈ నష్టాన్ని ఒక్కో రకంగా చూస్తుంది కూడా. కాబట్టి కాగితం గట్టిగా ఉండాలి. మా ఇంట్లో పాల లెక్క రాసే నోటుబుక్కులోనే రెండో వైపు నుంచి బండి కిరాయిలు, డీజిలు, కూలీల ఖర్చు రాస్తూ ఉంటాను. ప్రమాదానికి ముందు మూడు నెలలు లెక్క తీస్తే ఖర్చులు పోను రోజుకి 900 మిగిలినట్టు తేలింది. షాపులవాళ్లు ఫోన్లో వేసిన డబ్బు బ్యాంకు స్టేట్‌మెంటులో దానికి సరిపోయింది. బండి ఏ రోజు వచ్చింది, ఏ రోజు వెళ్లింది అని గ్యారేజీ అబ్బాయి చేత లెటర్‌హెడ్ మీద రాయించుకున్నాను. "ఇదెందుకక్కా?" అన్నాడు పాపం. 23 రోజులకి 20,700. మరమ్మతులో మా చేతినుంచి పడిన 38,500 కలిపితే 59,200. పదిహేను వేల రాజీ కాగితం మీద సంతకం పెట్టి ఉంటే పోయేది అక్కడుంది.

ఇంకో జాగ్రత్త. మన కంపెనీ డబ్బిచ్చేటప్పుడు 'ఈ ప్రమాదం తాలూకు నష్టమంతా పూర్తిగా ముట్టింది' అని వోచరు మీద సంతకం అడుగుతుంది. అలాగే పెట్టేస్తే రేపు లారీ వైపు లాయరు దాన్నే చూపించి, మొత్తం ముట్టిన మనిషికి మళ్లీ పరిహారమేమిటని వాదిస్తాడు. అందుకని నేను 'సర్వేయరు లెక్క కట్టిన మేరకు మాత్రమే' అని రాసి సంతకం పెట్టాను. సర్వేయరు లెక్క కాగితం నకలు అడిగి తీసుకున్నాను. ఒకే ఖర్చుని రెండు చోట్లా అడగకూడదు. రాకుండా మిగిలిపోయిన దాన్ని అడగడంలో తప్పు లేదు.

ఆరు నెలలు గుర్తుంచుకోండి

ఈ నష్టాలు తేల్చేది మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్. జిల్లా కోర్టులోనే ఉంటుంది. ప్రాణనష్టం, గాయాల కేసులే కాదు, ఆస్తి నష్టం కూడా అక్కడ అడగవచ్చు. ప్రమాదం ఎక్కడ జరిగినా మనం ఉండే ఊరి పరిధిలో పిటిషన్ వేసుకోవచ్చు. అయితే 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వెయ్యాలి. ఈ గడువు మీద సుప్రీంకోర్టుకి వెళ్లినవాళ్లున్నారు గానీ మనం ఆ ధీమాతో కూర్చోకూడదు. మేము సంక్రాంతి వెళ్లగానే, జనవరిలోనే వేశాం.

లాయరు ఫీజుకి భయపడుతున్నారా? జిల్లా న్యాయ సేవాధికార సంస్థ అని కోర్టు ఆవరణలోనే ఒక ఆఫీసుంటుంది. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచితంగా లాయరుని ఇస్తారు. బండి నా పేరున ఉండడం అక్కడ కలిసొచ్చింది. నాకు ఇచ్చిన లాయరు మేడం నోటుబుక్కు చూసి, "ఇంత వివరంగా ఎవరూ తేరండీ" అన్నారు.

వాయిదాల మీద వాయిదాలు పడ్డమాట నిజం. లారీ కంపెనీ వాళ్లు మావారిదే తప్పన్నారు, రోజుకి 900 ఎక్కువన్నారు. చివరికి 2025లో లోక్ అదాలత్‌లో 48 వేలకి ఒప్పందమైంది. లోక్ అదాలత్ తీర్పు మీద అప్పీలు ఉండదు కాబట్టి మళ్లీ పై కోర్టుకి లాగుతారన్న భయం లేదు. అడిగినంతా రాలేదు. పోయిన షాపు తిరిగి రాలేదు. డ్వాక్రా అప్పు తీరాక మిగిలిన దాంతో పాలసీలో ఆ బంపర్ల షరతు రాయించాను.

మన సొంత కంపెనీయే అన్యాయంగా కాదంటే దారి వేరు. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. నెలలోగా తేల్చకపోతే హైదరాబాదులోని ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్‌కి ఫీజు లేకుండా రాసుకోవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ ఆఫీసు కిందికే వస్తాయి. గుద్దిన బండి కంపెనీ మీద మాత్రం అక్కడికి వెళ్లడానికి లేదు, ఆ పాలసీ మనది కాదు కదా.

ఈ రాత్రి పనులయ్యాక బండిలోంచి ఆ పాలసీ కాగితం ఇంట్లోకి తెప్పించండి. అది ఒట్టి థర్డ్ పార్టీయా, ఓన్ డ్యామేజి కూడా ఉందా? ఐ.ఎం.టి. 23 రాశారా? నడిపేవాళ్ల లైసెన్సు, బండి ఫిట్‌నెస్ గడువులో ఉన్నాయా? అన్నిటికీ ఒక్కో నకలు తీసి బియ్యం కార్డు, ఆధార్ కార్డులతో పాటు బీరువాలో పెట్టండి. గడువు తేదీని గోడ మీద క్యాలెండరులో, గ్యాసు బుక్ చేసిన తేదీ రాసుకునే చోటే, ఎర్ర పెన్నుతో రాసి పెట్టండి.