ఉప్పా, చక్కెరా?

ఎండాకాలం రాయలసీమలోని యాడికిలో సోడా బండి దగ్గరికి పోతే ముందు వినిపించే మాట ఒకటే: "ఉప్పా, చక్కెరా?" నగరాల విందుల్లో సన్నటి పొడవాటి గ్లాసుల్లో పొంగుతున్న ఆల్కహాల్ లేని స్పార్క్‌లింగ్ వైన్‌ను కూడా ఇదే అడగాలి. మత్తుండదు, కేలరీలు తక్కువ అని దాని ప్రచారం. మొదటిది దాదాపు నిజమే. రెండోదానికి మాత్రం లెక్క కట్టాలి.

ఒక గ్రాము ఆల్కహాల్ 7 కేలరీలిస్తుంది, చక్కెర 4. పన్నెండు శాతం ఆల్కహాల్ ఉన్న మామూలు వైన్ 125 మి.లీ. తాగితే దాదాపు 12 గ్రాముల ఆల్కహాల్ ఒంట్లోకి పోతుంది. అంటే ఒక్క గ్లాసుకు 80కి పైగా కేలరీలు మత్తు పద్దులోనే. అది తీసేస్తే పెద్ద బరువే దిగుతుంది.

తీసేదెట్లా? ముందు మామూలుగానే వైన్ చేస్తారు. తర్వాత గాలి తీసేసిన పాత్రలో, పీడనం తగ్గించి, గోరువెచ్చని వేడి మీదే ఆల్కహాల్‌ను ఆవిరిగా లాగేస్తారు. దాంతోపాటు వాసనా, నోటికి తగిలే నిండుదనమూ పోతాయి. మిగిలింది పుల్లటి నీళ్లు. దానికి రుచి తెప్పించడానికి చాలామంది ద్రాక్షరసమో చక్కెరో కలిపి, గ్యాస్ ఎక్కిస్తారు. నూరు మి.లీ.కి 5 గ్రాముల చక్కెర ఉంటే గ్లాసుకు పాతిక కేలరీలు. 10 గ్రాములుంటే యాభై. సీసా ముందువైపు బంగారు రేకు కాదు, వెనకవైపు చిన్నక్షరాలు చదవాలి. మన దేశ ఆహార నిబంధనల్లో 0.5 శాతం దాటితేనే ఆల్కహాల్ పానీయం కింద లెక్క. చుక్క కూడా వద్దనుకునేవాళ్లు 0.0 అని రాసి ఉందో లేదో చూసుకోవాలి.

అంతమాత్రాన మన బండి సరుకంతా పుణ్యమని కాదు. సీమలో అందరికీ ప్రాణమైన నన్నారినే తీసుకోండి. సుగంధిపాల వేర్ల వాసన అడవిదే, పాకం మాత్రం చక్కెరది. సోడాలో పోసిన పాకంలో 20 గ్రాముల చక్కెర ఉందంటే 80 కేలరీలు. అసలు వైన్‌లోని ఆల్కహాల్‌తో సమానం! అరచెక్క నిమ్మకాయ పిండి, చిటికెడు ఉప్పేసి కొట్టిన సోడాలో కేలరీలు వెతికినా దొరకవు. బీపీ ఉన్నవాళ్లు ఆ ఉప్పూ మానేస్తే సరి.

పొంగు కావాలా? గోలీసోడాకు షాంపేన్ మూత సప్పుడుతో పోటీ పడే కీచుమనే కేక ఉంది. 1872లో ఇంగ్లండ్‌లో హైరమ్ కాడ్ పేటెంట్ తీసుకున్న సీసా అది. తలకిందులుగా పెట్టి నింపుతారు. లోపలి గ్యాసే గోలీని మూతి దగ్గరి రబ్బరు రింగుకు అదిమిపెడుతుంది. బిరడా లేదు, తీగ లేదు. సీసా కడిగి మళ్లీ నింపడమే. పుట్టినచోట దాదాపు మాయమైనా మన ఊళ్లలో బతికింది. 2025లో గోలీ పాప్ సోడా పేరుతో గల్ఫ్‌లోని లులు దుకాణాలకూ ఎక్కింది.

నా ఓటు చీనీకి, అంటే బత్తాయికి. కరువు సీమలో బోరు నీళ్లతో బతికించుకున్న తోటల పండది. ధర పడిపోయిన రోజు కాయ కోత కూలికి కూడా చాలదని రైతులు అంటారు. పావు గ్లాసు చీనీ రసం, మీద ముప్పావు సోడా. పండులోని చక్కెర తప్ప పైనుంచి ఒక్క చెంచా అక్కర్లేదు. పెళ్లి విందులో దాన్ని పొడవాటి గ్లాసులోనే పోసి ఇవ్వండి, ఎవరు వద్దంటారు?