ముక్కు చెప్పని వాయువులు

నేటి ప్రసంగమునకు విషయము వాయువు. మనము పీల్చుచున్న గాలిని గూర్చి కాదు. ఆ గాలితో కలిసి కంటికి కానరాక మనలను చుట్టుముట్టు ఇతర వాయువులను గూర్చి. మన గోదావరి మండలములో ఇట్టివి మూడుచోట్ల నివసించుచున్నవి. పొలములక్రింద, కొబ్బరితోటలక్రింద పాతిపెట్టిన గొట్టములలో పారు సహజవాయువు మొదటిది. వంటయింటి సిలిండరులో నున్న గ్యాసు రెండవది. పాడుబడిన నూతులలోను, మరుగుదొడ్ల తొట్లలోను, కర్మాగారముల గోతులలోను పుట్టు చెడుగాలి మూడవది. ఈ మూటిని కనుగొనుటకు జనులు నమ్ముకొన్న సాధనము ముక్కు. ఆ ముక్కును ఎంతవరకు నమ్మవచ్చునో తెలిసికొనుట మన ప్రాణములకు సంబంధించిన విషయము.

మన తార్కికులు గంధమును పృథివికి గుణముగా చెప్పిరి. వాయువు రూపము లేనిదనియు, స్పర్శచేత మాత్రమే తెలియదగినదనియు నిర్ణయించిరి. నేటి రసాయనశాస్త్రము పంచభూతముల విభాగమును అంగీకరింపదు గాని, భూగర్భమునుండి వచ్చు సహజవాయువు విషయమున ఆ మాట చక్కగా సరిపోవును. దానిలో ప్రధానభాగము మీథేను. దానికి రంగు లేదు, వాసనయు లేదు. గాలిలో నూటికి 5 మొదలు 15 పాళ్లవరకు అది కలిసినచో, ఒక్క నిప్పురవ్వ చాలును, మండుటకును పేలుటకును.

అట్లయిన మన వంటగ్యాసునకు వాసన ఎక్కడినుండి వచ్చినది? మనుష్యులు బుద్ధిపూర్వకముగా కలుపుటచే వచ్చినది. 1937వ సంవత్సరము మార్చి 18వ తేదీన అమెరికాదేశపు టెక్సాసు రాష్ట్రములో న్యూ లండన్ అను ఊరి పాఠశాలలో, నేల అడుగుభాగమున సహజవాయువు కొంచెము కొంచెముగా కారి నిండినది. వాసన లేకపోవుటచే ఉపాధ్యాయులు గాని, విద్యార్థులు గాని పసిగట్టలేకపోయిరి. పనిముట్ల గదిలోని విద్యుద్యంత్రమునుండి ఒక రవ్వ పుట్టెను. క్షణములో పాఠశాల కూలిపోయెను. ఇంచుమించు 300 మంది మరణించిరి. వారిలో అధికసంఖ్యాకులు పిల్లలే. ఆ సంవత్సరమే ఆ రాష్ట్రమువారు సహజవాయువునందు దుర్గంధద్రవ్యమును కలుపవలెనని శాసనము చేసిరి. క్రమముగా ఇతరదేశములును ఆ పద్ధతిని అనుసరించినవి. మన సిలిండరులోని గ్యాసునకు గల కుళ్లిన కంపు మెర్కాప్టను అను ద్రవ్యమువలన కలిగినది. ఆ కంపు మనకు కావలి కాయుటకై నియమింపబడిన తలారి వంటిది.

ఇక్కడ ఒక సూక్ష్మమును గమనింపవలెను. పొగ యున్నచోట నిప్పున్నదని ఊహించుట సరియైన అనుమానము. కాని పొగ లేనిచోట నిప్పు లేదనుట తప్పు. ఎఱ్ఱగా కాలిన ఇనుపగుండు నందు నిప్పున్నది, పొగ లేదు. తర్కము చదువు బాలురకు మొదట చెప్పు ఉదాహరణములలో ఇది యొకటి. వాయువు విషయమున గూడ ఇంతే. కంపు కొట్టినచో గ్యాసున్నదని నిశ్చయింపవచ్చును. కంపు లేదు గనుక గ్యాసు లేదని ఎన్నడును నిశ్చయింపరాదు. ఈ రెండవ తప్పే మన కోనసీమలో గొప్ప ఆపదకు కారణములలో ఒకటి యైనది.

1995వ సంవత్సరము జనవరి 8వ తేదీన అమలాపురమునకు సమీపమున పాసర్లపూడి బావి పేలి, 65 దినములు మండినది. ఆ మంట యెంత భయంకరమైనను చాల దూరమునకు కనబడెను. చుట్టుపట్ల గ్రామములవారు తరలిపోవుటకు వ్యవధి కలిగెను. 2014వ సంవత్సరము జూన్ 27వ తేదీన నగరము గ్రామమున అట్టి వ్యవధి దొరకలేదు. తాటిపాకనుండి కొండపల్లి వద్ద విద్యుత్కేంద్రమునకు పోవు గెయిలు సంస్థవారి 18 అంగుళముల గొట్టమునకు చిల్లి పడి, రాత్రివేళ వాయువు వెలువడి, పల్లపునేలను, ఇండ్లను, తోటలను ఆవరించెను. ఆ గొట్టములోని వాయువునందు దుర్గంధద్రవ్యము కలుపబడలేదు. నిద్రించుచున్నవారిని హెచ్చరించుటకు తలారి లేకపోయెను. తెల్లవారుజామున ఒక టీకొట్టులో పొయ్యి వెలిగించుటతో అది అంటుకొన్నదని ఆనాటి పత్రికలు వ్రాసినవి. ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. నీరు కలిసిన వాయువు పారుటచే గొట్టము లోపల తుప్పు పట్టినదని విచారణలో తేలినది. అంతకుముందే ఆ ప్రాంతమున వాయువు కారినదనియు, గ్రామస్థులు మొరపెట్టుకొనిరనియు గూడ పత్రికలలో వచ్చినది.

మరి ముక్కు సాక్ష్యము చెప్పనప్పుడు దేనిని ఆశ్రయింపవలెను? చిహ్నములను. పచ్చని చేనిలో ఒకచోట మాత్రమే పైరు గాని గడ్డి గాని కారణము లేక ఎండిపోవుట ఒక చిహ్నము. కాలువలోను, వరిమడిలోను, నిలువనీటిలోను ఎడతెగక బుడగలు పైకి వచ్చుట మరియొకటి. బురదలో సహజముగా అప్పుడప్పుడు బుడగలు వచ్చును. కాని ఒకేచోట, ఒకే వరుసలో, రాత్రింబవళ్లు వచ్చినచో అనుమానింపవలెను. పాము బుసకొట్టినట్టి ధ్వని, గాలి లేకయే దుమ్ము లేచుట, నేలపై నూనెవంటి తేటద్రవము తేలుట, ఇవియు చిహ్నములే. గొట్టము పోవు దారిలో అక్కడక్కడ పాతిన గుర్తుకంబములపై సంస్థ పేరును, అత్యవసరమునకు ఫోను సంఖ్యయు వ్రాసియుండును. మీ ఊరి పొలిమేరలో అట్టి కంబములు ఎక్కడెక్కడ నున్నవో పెద్దలు తెలిసికొని, ఆ సంఖ్యను పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయింపవలెను.

చిహ్నము కనబడిన వెంటనే చేయవలసిన పనులు కొలదిగా నున్నవి. నిప్పు పుట్టించు ప్రతి పనిని ఆపవలెను. చుట్ట, బీడీ, అగ్గిపుల్ల మాత్రమే గాక, మోటారుసైకిలును, నీటిమోటారును నడుపుట గూడ మానవలెను. గాలి ఎటునుండి వీచుచున్నదో చూచి, గాలికి ఎదురుగా గాని, అడ్డముగా గాని దూరముగా పోవలెను. గాలి వెంట పోయినచో వాయువు మన వెంట వచ్చును. చూచివత్తమని దగ్గరకు పోరాదు. కారిన ద్రవమును ఉపయోగపడునని బిందెలలో పట్టుకొనరాదు. అది నేలపై ఆవిరియై ప్రాకి, దూరమున నున్న పొయ్యిని చేరగలదు. దూరమునకు పోయిన పిమ్మటనే సెల్‌ఫోనులో ఆ కంబముపై నున్న సంఖ్యకును, 101 లేక 112 సంఖ్యకును తెలుపవలెను. దారికి రెండువైపుల మనుష్యులను నిలిపి, బండ్లను, బస్సులను రానీయకుండ ఆపుట పెద్దల పని. మండుచున్న గొట్టమును ఆర్పుటకు ఎవరును యత్నింపరాదు. వాయువును ఆపక మంటను మాత్రమే ఆర్పినచో, కనబడు శత్రువును కనబడని శత్రువుగా మార్చినట్లగును.

గొట్టము మన భూమిలో పోవుచున్నచో మనకును ఒక బాధ్యత కలదు. 1962వ సంవత్సరపు పైపులైనుల చట్టము ప్రకారము ఆ పట్టీలో సేద్యము చేసికొనవచ్చును. కాని ఇల్లు కట్టరాదు, చెరువు గాని నుయ్యి గాని త్రవ్వరాదు, చెట్లు నాటరాదు. నేడు వరిపొలములు చేపలచెరువులుగా మారుచున్న మన జిల్లాలలో ఈ నియమమును మరచుట ఎంత ప్రమాదమో వేరుగ చెప్పనక్కరలేదు. త్రవ్వు యంత్రమును పిలిచినవాడు మొదట గుర్తుకంబమును చూడవలెను.

ఇక వంటయింటి గ్యాసు. దీని స్వభావము వేరు. సహజవాయువులోని మీథేను గాలికంటె తేలికయై పైకి పోవును. సిలిండరులోని గ్యాసు గాలికంటె బరువై నేలమీద పరచుకొనును. కావున అది మంచముక్రింద, గడపలోపల, నేలగదిలో నిలిచియుండును. నిలుచున్నవానికి కంపు తక్కువగా తోచవచ్చును. జలుబు చేసినవారికి, మిక్కిలి వృద్ధులకు అసలే తోచకపోవచ్చును. కంపు తగిలినచో విద్యుద్దీపము వేయరాదు. వెలుగుచున్న దీపమును ఆర్పుటకు స్విచ్చిని ముట్టరాదు. రెండింటను రవ్వ పుట్టును. దేవునియెదుట దీపమున్నచో, కంపు అంతగా వ్యాపింపకముందే దానిని కొండెక్కింపవలెను. పొయ్యి మరను, రెగ్యులేటరును కట్టివేసి, తలుపులు కిటికీలు తెరచి, ఇంటిల్లిపాదియు బయటికి వచ్చి, 1906 అను సంఖ్యకు ఫోను చేయవలెను. గ్యాసు ఎక్కడ కారుచున్నదో అగ్గిపుల్లతో పరీక్షింపరాదు. సబ్బునీటి నురుగుతో పరీక్షింపవలెను. కారుచోట బుడగలు లేచును. రబ్బరుగొట్టమును 5 సంవత్సరముల కొకసారి మార్చవలెను. రాత్రి పరుండబోవునపుడు పొయ్యి మర మాత్రమే గాక రెగ్యులేటరు గూడ కట్టుట ఇంటివారికి అలవాటు కావలెను.

మూడవది గోతులలోని చెడుగాలి. ఇక్కడ ముక్కు మొదట నిజము చెప్పి, పిమ్మట అబద్ధమాడును. మురుగు కుళ్లునపుడు పుట్టు హైడ్రోజన్ సల్ఫైడు అను విషవాయువునకు కుళ్లిన గ్రుడ్డువాసన కలదు. కాని అది అధికమైనచో వాసన తెలిసికొను నరమునే మొద్దుబరచును. దిగినవాడు కంపు తగ్గినదని సంతసించు వేళకే స్మృతి తప్పును. 2017వ సంవత్సరము మార్చి 30వ తేదీన పశ్చిమగోదావరి జిల్లా మొగల్తూరు వద్ద ఒక జలోత్పత్తుల కర్మాగారములో తొట్టిని శుభ్రపరచుచున్న ఐదుగురు కార్మికులు విషవాయువుచే మరణించిరి.

ఇట్టి చావులు తరచుగా ఒకరితో ఆగవు. ఒకడు దిగి పడిపోవును. అన్న పడెనని తమ్ముడు, తమ్ముడు పడెనని స్నేహితుడు దిగుదురు. మొదటివానిని చంపినది తెలియనితనము. తరువాతివారిని చంపునది ప్రేమ. కావున పెద్దలు గట్టిగా చెప్పవలసిన మాట యిది: పడినవానికొరకు దిగరాదు. దిగకమునుపే నడుమునకు త్రాడు కట్టి పైన ఇద్దరు పట్టుకొనియుండినచో లాగవచ్చును. త్రాడు లేనిచో అగ్నిమాపకదళము వచ్చువరకు పైనుండి గాలి కొట్టించుట తప్ప వేరుమార్గము లేదు. నూతిలోనికి దీపమును దింపి, ఆరినచో దిగరాదను పూర్వాచారము మనకు కలదు. దీపము ఆరుట ప్రాణవాయువు తక్కువయని చెప్పును, అది నిజము. కాని దీపము వెలుగుచుండుట క్షేమమునకు గుర్తు కాదు. విషవాయువు కొంచెమున్నను దీపము వెలుగును, మనుష్యుడు చచ్చును. మీథేను చేరిన గోతిలో ఆ దీపమే పేలుడునకు కారణమగును. కావున మురుగుతొట్లయందు ఆ పరీక్షను చేయరాదు. మరుగుదొడ్డి తొట్టిలోనికి రక్షణసాధనములు లేక మనుష్యుని దింపుట 2013వ సంవత్సరపు చట్టముచే నేరము గూడను. యంత్రముతో తోడింపవలెను.

కడపటి మాట పెద్దల కర్తవ్యమును గూర్చినది. గ్రామములో ఒక కూలివాడు వచ్చి, బాబయ్యా, కాలువగట్టున నీళ్లు ఉడుకుచున్నట్టు బుడగలు వచ్చుచున్నవని చెప్పినచో, ఆ మాటను నవ్వులో పోనీయకుడు. చూచినవాని పేరు, చోటు, తేదీ, వేళ కాగితముపై వ్రాయించి, సంస్థకును, తహసీలుదారునకును పంపి, అందినట్లు రసీదు పుచ్చుకొనుడు. మరమ్మతు చేసితిమని వారు చెప్పినను, మరల బుడగలు వచ్చినచో మరల వ్రాయుడు. నోటిమాట గాలిలో పోవును. వ్రాసిన మొర నిలుచును. గొట్టములోపలి తుప్పును మనము చూడలేము. దానిని చూచుట ఆ సంస్థవారి విధి. నేలపైని చిహ్నమును మొట్టమొదట చూచువారు మాత్రము ఆ ఊరివారే. వారి మాటకు విలువ కల్పింపగలవారు మీరు.

వాసన యున్నచో నమ్ముడు. వాసన లేనిచో చిహ్నమును వెదకుడు. చిహ్నము కనబడినచో నిప్పును ఆపి, గాలికి ఎదురుగా నడువుడు. పడినవానికై గోతిలో దిగకుడు. ఈ నాలుగు మాటలను మీ యింటి పిల్లలచేత కంఠస్థము చేయింప ప్రార్థించుచున్నాను.