పాల్వంచ పాత విద్యుత్కేంద్రము – రైతు మోటారు

2024వ సంవత్సరము ఆగస్టు 5వ తేదీన భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోని పాల్వంచయందు ఎనిమిది శీతలగోపురములు ప్రేలుడు పదార్థములచే కూల్చివేయబడెను. అవి కొత్తగూడెము థర్మలు విద్యుత్కేంద్రములోని పాత భాగమునకు చెందినవి. ఎంతో దూరమునుండి బాటసారులకు గుర్తుగా నిలిచిన యా గోపురములు క్షణములలో ధూళియైపోయినవి. బొగ్గు కేంద్రములే పడగొట్టబడుచుండగా రేపు మన బోరుబావుల మోటారులకు విద్యుత్తు ఎక్కడనుండి వచ్చునని రైతుసోదరులు శంకించుట సహజము. ఆ సంగతినే ఇచ్చట విచారింతము.

ఆ పాత భాగములో 60 మెగావాట్ల యంత్రములు నాలుగు 1966–67 సంవత్సరములలోను, 120 మెగావాట్లవి నాలుగు 1974 మొదలు 1978 వరకును నెలకొల్పబడినవి. వెరసి 720 మెగావాట్లు. బొగ్గు సమీపముననున్న సింగరేణి గనులనుండియు, నీరు కిన్నెరసాని జలాశయమునుండియు లభించెడివి. బొగ్గును పిండివలె పొడిచేసి కొలిమిలో మండించి, ఆ వేడిచే నీటిని ఆవిరిగా మార్చి, ఆవిరిచే చక్రమును త్రిప్పుటయే ఇచ్చటి పని. పని ముగిసిన ఆవిరిని మరల నీటిగా మార్చుటకు చల్లని నీరు కావలెను. అట్లు వేడెక్కిన నీటిని చల్లార్చునవే శీతలగోపురములు. వానిపై తెల్లగా లేచెడిదానిని పలువురు పొగ యనుకొందురు గాని అది నీటి ఆవిరి మాత్రమే. పొగ పోవు గొట్టము వేరు.

ముసలి యెద్దునకు నడక తగ్గును గాని మేత తగ్గదు. పాత యంత్రముల స్థితియు అట్టిదే. పాతకాలపు చిన్న యంత్రము ఒక యూనిట్టు విద్యుత్తునకు సుమారు ముప్పాతిక కిలో బొగ్గును తినును. అందులో ఇంచుమించు మూడవ వంతు బూడిదయే. ఈ బూడిద రాపిడిచే కొలిమిలోని గొట్టములు పలుచనై చిల్లులు పడును. ఒక్క గొట్టము పగిలినను యంత్రమును ఆపి, కొలిమి చల్లారిన పిమ్మటగాని మనిషి లోనికి పోరాదు. దీనికి తోడు, పొగలోని గంధక వాయువు, ధూళి మొదలగువానికి కేంద్రప్రభుత్వము 2015లో కఠినమైన పరిమితులు విధించెను. ఆయువు తీరిన యంత్రములకు ఆ ఖరీదైన పరికరములను అమర్చుట గిట్టుబాటు కాదు. 2020 నాటికి ఈ యెనిమిది యంత్రములును ఆపివేయబడినవి.

ఇంకొక కారణము గలదు. మనకు ముఖ్యమైనది అదియే. నేడు ఉభయ తెలుగు రాష్ట్రములలోను సూర్యరశ్మివలన పుట్టు విద్యుత్తు విస్తారముగా పెరిగినది. మధ్యాహ్నము అది పుష్కలము. సాయంకాలము దీపములు పెట్టువేళకు సున్న. అందుచే బొగ్గు యంత్రములు పగలు తగ్గి, ప్రొద్దు క్రుంకగానే వేగముగా హెచ్చవలసి వచ్చుచున్నది. ఇట్లు దినదినము వేడెక్కుచు చల్లారుచుండిన లోహము త్వరగా అలసిపోవును. నిలకడగా నడచుటకు కట్టబడిన ముసలి యంత్రమునకు ఇది మోయరాని బరువు.

ఇంతమాత్రమున బొగ్గు పోయినదని తలపరాదు. పాల్వంచలోనే 2018 డిసెంబరులో 800 మెగావాట్ల క్రొత్త యంత్రము పని ప్రారంభించెను. అది అంతే విద్యుత్తును తక్కువ బొగ్గుతో ఇచ్చును. నల్లగొండ జిల్లా దామరచర్లలో అట్టివే అయిదు యంత్రములతో యాదాద్రి కేంద్రము తలపెట్టబడినది. రాత్రివేళ కొరతకు వేరొక ఉపాయము శ్రీశైలము ఎడమగట్టున గలదు. అచ్చటి 150 మెగావాట్ల యంత్రములు ఆరింటిని త్రిప్పి నడపిన, విద్యుత్తు మిగులు వేళలలో దిగువ నీటిని మరల జలాశయములోనికి ఎత్తగలవు. కావున విద్యుత్తు ఉండునా ఉండదా యనుదానికంటె, ఏ వేళ చౌకగా దొరకుననునదే యికమీదట ప్రశ్న.

ఆ వేళ పగలే యగుట రైతునకు మేలు. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు 24 గంటల ఉచిత సరఫరా ఆరంభమైనది. ఆంధ్రప్రదేశములో పగటిపూట 9 గంటల సరఫరా విధానముగా పెట్టుకొనబడినది. అంతకు పూర్వము అర్ధరాత్రి వంతు వచ్చినపుడు లాంతరు పట్టి చేనికి పోయి, పాముకాటునకో, తడిచేతితో స్టార్టరు ముట్టియో ప్రాణములు కోల్పోయిన కుటుంబములు ఏ తాలూకాలో లేవు?

సహకార సంఘములకు ఇందు వేరొక అవకాశము గలదు. 2019లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన కుసుం పథకము మొదటి భాగము ప్రకారము 500 కిలోవాట్లు మొదలు 2 మెగావాట్ల వరకు సౌరకేంద్రమును బీడుభూమిలో రైతుగాని, సహకార సంఘముగాని, పంచాయతీగాని నెలకొల్పి, 25 సంవత్సరముల ఒడంబడికపై విద్యుత్తును పంపిణీ సంస్థకు అమ్మవచ్చును. మెగావాటుకు నాలుగైదు ఎకరములు పట్టును. విద్యుత్తు వ్యవహారము సంఘములకు క్రొత్త కాదు. సిరిసిల్లలో సహకార విద్యుత్ సరఫరా సంఘము 1970లోనే ఏర్పడినది.

అయినను తొందర కూడదు. భూమిని ఇతరులకు కౌలుకిచ్చుట వేరు, తామే యజమానులై కట్టుట వేరు. మొదటిదానిలో నష్టభయము తక్కువ, రాబడియు తక్కువ. రెండవదానిలో అప్పు మనదే. కౌలు పత్రముపై సంతకము చేయుటకు ముందు మూడు సంగతులు వ్రాతమూలకముగా తెలిసికొనవలెను: ఏటేట కౌలు ఎంత పెరుగును, కంపెనీ మధ్యలో చేతులెత్తివేసిన పలకలను, దిమ్మెలను ఎవరు తొలగింతురు, సబుస్టేషను ఎంత దూరము. ఆ భూమి సంఘమునకు తాకట్టులో నున్నచో కార్యదర్శికి ముందుగా తెలియజేసి, బాకీ పూర్తిగ తీరునంతవరకు ఏ కాగితముపైనను వ్రేలు పెట్టకుండుట మంచిది.