కొత్తవాళ్లెందరు, ఉన్నవాళ్లెందరు?

"మీ దగ్గర బోదకాలు తగ్గిందా?" అని అడిగితే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి వచ్చిన మన ఫ్రెండ్స్‌లో చాలామంది "ఎక్కడ తగ్గింది, మా వాడకట్టులో ఇంకా ఉన్నారు కదా" అంటారు. అదే ఊరి సర్వే రిపోర్టులో మాత్రం "తగ్గింది" అని ఉండొచ్చు. రెండూ నిజమే కావచ్చు. ఎందుకంటే రెండూ ఒకే లెక్క కాదు.

ముందు జబ్బు సంగతి. బోదకాలు అంటే ఫైలేరియా. మురికినీళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టడం వల్ల సన్నని పురుగులు ఒంట్లోకి చేరతాయి. పురుగు చేరగానే కాలు వాయదు, దానికి ఏండ్లు పడుతుంది. చాలామందికి పైకి ఏమీ కనిపించదు కూడా. పాత కరీంనగర్ జిల్లాలో ఇది ఎన్నో ఏండ్లుగా ఉన్న జబ్బు.

ఇప్పుడు లెక్కలు. ఒక ఏడాదిలో ఎంతమందికి కొత్తగా జబ్బు వచ్చిందో చెప్పేది ఇన్సిడెన్స్. ఈరోజు మొత్తం ఎంతమందికి ఉందో చెప్పేది ప్రివలెన్స్. మాది కోరుట్ల. మా అమ్మమ్మ వాళ్ల గల్లీలో బీడీలు చుట్టే ఒకావిడకు బోదకాలు వచ్చి ఇరవై ఏండ్లు దాటింది. ఇన్సిడెన్స్‌లో ఆవిడ ఒక్కసారే వస్తుంది, అదీ జబ్బు వచ్చిన ఏడాదిలో. ప్రివలెన్స్‌లో మాత్రం ప్రతి ఏడాదీ ఉంటుంది.

ఈ రెండింటికీ ఉన్న సంబంధం మనకు తెలిసిందే. ఎగ్జామ్స్ ముందు జిరాక్స్ షాపు ఊహించుకోండి. నిమిషానికి ఇద్దరు వస్తున్నారు, ఒక్కొక్కరు ఐదు నిమిషాలు ఉంటున్నారు. అంటే ఏ టైంలో చూసినా షాపు దగ్గర సుమారు పది మంది ఉంటారు. క్యూల గురించి చదివినప్పుడు వచ్చే లిటిల్స్ లా ఇదే. జాన్ లిటిల్ 1961లో దీనికి ప్రూఫ్ ఇచ్చాడు. జబ్బుకీ ఇదే సూత్రం: ప్రివలెన్స్ అంటే దాదాపుగా ఇన్సిడెన్స్ ఇంటూ జబ్బు ఉండే కాలం.

ఒక ఊహాత్మక లెక్క వేద్దాం. లక్ష జనాభా ఉన్న ఊళ్లో ఏటా ఐదుగురికి కొత్తగా కాలు వాస్తుంది, ఒక్కొక్కరు ముప్పై ఏండ్లు దానితోనే బతుకుతారు. మొత్తం 150 మంది. రేపటి నుంచి కొత్త కేసులు సున్నా అయినా, వచ్చే ఏడాది ఇంకా 145 మంది కనిపిస్తారు. గల్లీలో కనిపించే కాళ్లు చాలావరకు పాత ఏండ్ల సంగతి చెప్తాయి. దోమ ఇప్పుడు జబ్బును మోస్తుందా లేదా అన్నది వాటిని చూసి చెప్పలేం.

మరి కొత్తగా వ్యాపించేది ఎలా తెలుస్తుంది? ఈ పురుగు పిల్లలు మన రక్తంలోకి ఎక్కువగా రాత్రిపూటే వస్తాయి. అందుకే టీమ్‌లు రాత్రి ఇండ్లకు వచ్చి వేలి నుంచి రక్తపు చుక్క తీసుకుంటాయి. పరీక్షించిన ప్రతి వందమందిలో ఎందరికి పురుగులు దొరికాయో అదే మైక్రోఫైలేరియా రేటు. అది ఒక శాతం కంటే కిందికి రావాలి. తర్వాత ఆరేడేండ్ల పిల్లల్ని పరీక్షిస్తారు. ఎందుకు వాళ్లనే? వాళ్లు పుట్టిందే ఈమధ్య కాబట్టి, వాళ్లకు ఇన్ఫెక్షన్ ఉంటే అది పాతది అయ్యే చాన్స్ లేదు.

అసలు చిక్కు కింద ఉండే సంఖ్యతో, అంటే డినామినేటర్‌తో. 2016 అక్టోబర్ 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేరే జిల్లాలయ్యాయి. పాత కరీంనగర్ రేటునీ కొత్త జిల్లా రేటునీ పక్కపక్కన పెట్టి "పెరిగింది, తగ్గింది" అంటే అర్థం లేదు. మా వైపు ఎంతోమంది గల్ఫ్‌లో ఉంటారు. రేషన్ కార్డులో పేరుంటుంది, మనిషి దుబాయ్‌లో ఉంటాడు. మాత్రలు ఎంతమంది మింగారో లెక్క తీసేటప్పుడు అతన్ని కలపాలా వద్దా? సిరిసిల్లలో రాత్రి షిఫ్టులో సాంచల మీద ఉన్నవాళ్లు రాత్రి సర్వేకు ఇంట్లో దొరకరు. వాళ్లను వదిలేస్తే వచ్చే రేటు ఇంట్లో ఉన్నవాళ్లదే, ఊరిది కాదు.

ఇదంతా ఎందుకంటే, ఒక్కో లెక్క మీద ఒక్కో నిర్ణయం ఆధారపడి ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వం బోదకాలు బాధితులకు పెన్షన్ ఇస్తుంది. దానికి కావాల్సింది ప్రివలెన్స్. డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు ఊరందరికీ పంచాలా, ఆపాలా అన్నదానికి కొత్త ఇన్ఫెక్షన్ల లెక్క కావాలి. వాచిన కాళ్లే చూస్తే "మాత్రలతో ఏం లాభం" అని జనం పారేస్తారు. ఆ మాత్రలు రక్తంలోని పురుగు పిల్లల్ని చంపి వ్యాప్తిని ఆపడానికి. ముదిరిన వాపును అవి తీసేయలేవు. కొత్త కేసులే చూస్తే "జబ్బు పోయింది" అని ఫైలు మూసేస్తారు. కానీ ఉన్నవాళ్లకు రోజూ కాలు సబ్బుతో కడిగి ఆరబెట్టుకోవడం, పుండ్లు పడకుండా చూసుకోవడం, జ్వరం వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లడం బతికున్నన్నాళ్లూ తప్పదు.

సీఎస్ఈ వాళ్లకు ఇందులో పని కూడా ఉంది. హైదరాబాద్‌లోని ఐఐసీటీ శాస్త్రవేత్తలు ఫైలేరియా డేటాను మ్యాప్ మీద చూపించే సిస్టమ్ తయారుచేశారు. మీ మినీ ప్రాజెక్ట్‌కి హెల్త్ డేటాసెట్ ఏదైనా తీసుకుంటే, మోడల్ రన్ చేసే ముందు మూడు ప్రశ్నలు వేయండి: ఇవి కొత్త కేసులా, మొత్తం కేసులా? ఎంతమందిలో? ఏ కాలానికి? జవాబు లేకపోతే గ్రాఫ్ గీయకండి. ముందు ఆ డేటా సేకరించినవాళ్లను అడగండి.